వాగులో వదిలిన అన్నం

2022 వానాకాలం చివర్లో మొదలైన పని ఇది. అప్పటికి నేను బిలాస్‌పూర్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో ప్లానర్‌గా చేస్తున్నాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. అడవుల్లో, కొండల్లో జనం సరదాగా తిరగడానికి వెళ్లే చోట్లకి ప్లాన్ గీయడం మా పని. కాలిబాట ఎటు పోవాలి, బళ్లు ఎక్కడ ఆగాలి, ఎక్కడ కూర్చుని తినొచ్చు, ఎక్కడ అసలు అడుగు పెట్టకూడదు, ఇవన్నీ ముందే ఆలోచించి కాగితం మీద పెట్టాలి. ఈ మాట చెబితే మా రైల్వే కాలనీలో ఎవరూ నమ్మరు. "అడవిలో అన్నం తినడానిక్కూడా ప్లానేటమ్మా" అని మా నాన్నే నవ్వేవారు. ఆయన లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. బోల్టు బిగిస్తే బిగించినట్టు కంటికి కనబడాలి ఆయనకి. నా పని సరిగా చేస్తే కంటికి ఏమీ కనబడదు. బాట కోసుకుపోదు, చెట్టు విరగదు, ఎవరూ ఎవరినీ తిట్టుకోరు. అలాంటి దానికి జీతం ఇస్తారంటే ఆయనకి ఇప్పటికీ అనుమానమే.

రతన్‌పూర్ దాటి ఉత్తరానికి పోతే వరి పొలాలు సన్నబడి కొండలు లేస్తాయి. సాల్ చెట్ల మధ్య రోడ్డు మెలికలు తిరుగుతుంది. చలికాలం వచ్చిందంటే బిలాస్‌పూర్, తఖత్‌పూర్, కోని, ఎక్కడెక్కడి జనమూ సెలవు రోజున ఆ కొండల్లోకే. జలపాతం కనబడితే బండి ఆపుతారు, చదునుగా ఉంటే పొయ్యి వెలిగిస్తారు. ఆ ఏడాది అటవీశాఖ ఒక రేంజి మొత్తానికి పద్ధతి ప్రకారం ప్లాన్ కావాలంది. జనం వెళ్లే ప్రతి చోటూ చూసి, ఉన్నదున్నట్టు ఉంచాలా, బాగుచేయాలా, లేక గొలుసు కట్టి మూసేయాలా అని తేల్చి చెప్పాలి. ఆ పని నా చేతికొచ్చింది.

రేంజర్ మరావీ గారు టీ ప్రియుడు, మాట సూటి. మొదటి రోజే మ్యాపు పరిచి వేలు పెట్టి ఒక చోటు చూపించారు. వాగు పక్కన చదును, అందులో పాత ఉసిరి చెట్టు. చూడగానే గుర్తుపట్టాను.

"సార్, ఇది మావాళ్ల చోటు. నేను మా అమ్మ చంకలో ఉన్నప్పటి నుంచీ వెళ్తున్నాను. దీన్ని మాత్రం ఇంకొకరికి ఇవ్వండి."

"అందుకే మీకిస్తున్నాను" అన్నారాయన హిందీలో. "వాగు కింద ఉన్న బైగా పారా వాళ్లు గ్రామసభలో దీన్ని మూసేయమంటున్నారు. నీళ్ల గొడవ అంటున్నారు. వెళ్లి చూడండి. కార్తీకం లోపల మళ్లీ సభ ఉంది. వాళ్లు ఒప్పుకోకపోతే ఈ ఏడాది నుంచి గొలుసు వేసేస్తాను. ఆ కబురు మీవాళ్లకి మీరే చెప్పుకోండి, నాకు తెలుగు తిట్లు అర్థం కావు."

బైగాలు ఆ అడవుల్లో ఉండే గిరిజనులు. పారా అంటే పేట. అక్కడ అలాంటిదొకటి ఉందని నేను మొదటిసారి విన్నది ఆ మ్యాపు ముందే.

తెలియని వాళ్లకి మా వనభోజనాల గురించి కొంచెం చెప్పాలి. మా తాతల తరంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబాలు మావి. కార్తీక మాసంలో ఒక ఆదివారం అందరం బస్సులు కట్టించుకుని ఆ ఉసిరి చెట్టు దగ్గరికి వెళ్తాం. చెట్టు మొదట్లో పూజ, తర్వాత వంట, భోజనం, సాయంత్రం తిరుగు ప్రయాణం. వంటకి పెద్ద సత్యవతి దొడ్డమ్మ. మాకు చుట్టమేమీ కాదు, మా వీధిలో ఉంటారు. భర్త గూడ్సు బళ్లకి గార్డుగా చేసి చనిపోయారు. డెబ్భై దాటినా ఆ రోజు గరిటె ఇంకొకరి చేతికి ఇవ్వరు. గుమ్మడికాయ దప్పళం, కందా బచ్చలి, పులిహోర, పాయసం. "ఉప్పు సరిపోయిందా దొడ్డమ్మా" అని అడిగే ధైర్యం కాలనీలో ఎవరికీ లేదు.

అక్టోబర్లో ఇంపాక్ట్ సర్వేకి వెళ్లాను. జనం వాడకం వల్ల ఒక చోటు ఎంత దెబ్బతిందో చూసే పద్ధతి అది. నేల ఎంత గట్టిబడింది, వేర్లు బయటపడ్డాయా, చెట్ల మీద కత్తి గాట్లున్నాయా, చెత్త ఎంత, ఇలా ఒక్కొక్కటీ చూసి మార్కులు వేస్తాం. డిజైర్ లైన్లు కూడా చూస్తాం. మనం వేసిన బాట వదిలేసి జనం తమకి నచ్చినట్టు నడిచి నడిచి వేసుకున్న అడ్డదారులవి. ఎవరికి ఏం కావాలో నోటితో అబద్ధం చెబుతారేమో గాని కాళ్లతో చెప్పరు.

ఆ రేంజిలో నేను చూసిన చోట్లన్నిటిలోకీ మా ఉసిరి చెట్టు చోటు శుభ్రమైనది. మిగతా చోట్ల సీసా పెంకులు, చిప్స్ కవర్లు, చెట్లకి మేకులు. ఇక్కడ ఒక్క ప్లాస్టిక్ ముక్క లేదు. మావాళ్లు తినేది విస్తరాకుల్లో. అక్కడి వాళ్లు మాహుల్ అనే ఆకు మన అడ్డాకే. తిన్న ఆకులు గొయ్యి తీసి పూడుస్తారు. పొయ్యిలు ఎప్పుడూ ఒకే చోట పెడతారు. మైకు లేదు, మందు లేదు. నిజం చెప్పాలంటే నాకు గర్వం వేసింది. రిపోర్టులో దీన్ని మిగతావాళ్లకి నమూనాగా చూపించాలని రాసేయడానికి చేయి దురద పెట్టింది. మరి పేటవాళ్ల గొడవ ఏమిటో అడుగుదామని వాగు వెంట కిందికి దిగాను.

వాగు ఒక పెద్ద బండని చుట్టి మలుపు తిరుగుతుంది. ఆ మలుపు వెనకే పేట. చదునులో కూర్చున్నవాళ్లకి ఇళ్లు కనబడవు, పొగ కూడా కనబడదు. అక్కడ నాతో మాట్లాడింది సుక్‌వారో బాయి. గ్రామసభలో గొంతెత్తింది ఆమే అని రేంజర్ ముందే చెప్పారు. నలభై, నలభై అయిదేళ్ల మనిషి, కోడి పిల్లల్ని గంప కింద మూస్తూనే మాట్లాడింది. ఆమె మాట ఛత్తీస్‌గఢీ, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మీ ఆంధ్రావాళ్లు వచ్చి వెళ్లాక మా నీళ్లు పుల్లబడతాయి."

"పుల్లబడటమేమిటి?"

"అన్నం, పులుసు, చింతపండు, నూనె. మెతుకులన్నీ వచ్చి ఇసకలో ఇరుక్కుంటాయి. మర్నాటికి వాసన. ఆ వాసనకి అడవి పందులు దిగుతాయి. ఇసకంతా ముట్టెతో పెళ్లగించి మా ఝిరియా పూడ్చేస్తాయి. మళ్లీ తవ్వుకుని, నీరు తేటపడే దాకా కొండ అవతలికి పోయి తెచ్చుకోవాలి."

ఝిరియా అంటే వాగు ఒడ్డున ఇసకలో తీసుకున్న చెలమ. పేట మొత్తానికి తాగే నీరు అదే. బోరు ఉంది గాని ఎర్రటి తుప్పు నీళ్లొస్తాయి, ఎవరూ తాగరు.

"మిగతా రోజుల్లో కూడా పిక్నిక్‌ల వాళ్లొస్తారు కదా, వాళ్ల మీద చెప్పలేదేం?" అని అడిగాను.

"వాళ్లు సీసాలు పారేస్తారు. సీసా ఏరి పక్కన పెట్టుకుంటాం" అంది. "మెతుకు ఎలా ఏరేది?"

 ఆ అన్నం వాగులోకి ఎలా వెళ్తుందో నాకు బాగా తెలుసు. మా ఇళ్లలో అన్నం కాలికింద పడకూడదు. మెతుకు తొక్కితే కళ్లు పోతాయని చెప్పి పెంచుతారు. ఇంట్లో మిగిలితే ఆవుకో, చాకలికో, చద్దికో పోతుంది. అడవిలో మిగిలితే నేల మీద పోస్తే ఎవరో ఒకరు తొక్కుతారు కాబట్టి పారే నీటిలో వదులుతారు. చేపలు తింటాయి, పుణ్యం. తర్వాత అండాలు, గంగాళాలు ఆ వాగు మడుగులోనే చింతపండుతో, బూడిదతో తళతళలాడేలా తోమి బస్సెక్కిస్తారు. తిండి పారేసే జనం చేయలేని పని ఇది. అన్నమంటే అంత భక్తి ఉన్నవాళ్లే చేయగలరు. కార్తీకానికి వాగులో ధార సన్నబడి ఉంటుంది, వదిలినదాన్ని దూరం తీసుకుపోయే జోరు దానికి ఉండదు.

నా సర్వే కాగితంలో సైటు హద్దు చదును అంచుతో ఆగిపోయింది. అందులో అన్నిటికీ మంచి మార్కులే. అసలు కథంతా ఆ గీతకి అవతల, బండ వెనకాల ఉంది.

కాలనీలో మా తెలుగు సమాజానికి ఒక గది ఉంది. ఆ వారం మీటింగులో విషయం చెప్పాను. సమాజం పెద్ద పైడిరాజు మావయ్య షెడ్‌లో ఫోర్‌మన్‌గా చేసినవారు. మంచి మనిషే గాని తప్పు అనే మాట వింటే చాలు, మీసం లేస్తుంది.

"ఏటమ్మా నీరజా, సర్కారు జీతం తినీసి మనోళ్ల మీదే రాసీసావేటి?"

"సర్కారు జీతం కాదు మావయ్యా, ప్రైవేటే. ఇంకా ఏమీ రాయలేదు కూడా."

"ఆ చోటు మనలాగ ఎవులుంచుతారు చెప్పు? ఒక్క కాగితం ముక్కయినా ఒదిలీసామా ఎప్పుడైనా? తాగీసి పడిపోయేవోళ్లని ఏటీ అనరు గాని, పూజ చేసుకునేవోళ్లని పట్టుకున్నారు. మత్లబ్, మంచోళ్లే దొరుకుతారన్నమాట."

గదిలో అందరిదీ అదే మాట. ఎవరో ఇంకో చోటు చూసుకుందామన్నారు, ఎవరో పై ఆఫీసుకి వెళ్దామన్నారు. ఒక మూల కుర్చీలో కూర్చున్న దొడ్డమ్మ మాత్రం నన్నే చూస్తున్నారు.

"కిందన ఊరున్నాదేటే?" అని అడిగారు.

"ఉంది దొడ్డమ్మా. బండ మలుపు వెనకాల."

"ఇన్నేళ్ల నుంచీ ఎల్తన్నాం. ఒక్క మనిషి కనబడలేదు."

"మనం ఉన్నంతసేపూ వాళ్లు పైకి రారు. మొహమాటం."

ఆవిడ కర్ర అందుకుని లేస్తూ, "నన్నోపాలి తీసుకెల్లు" అన్నారు.

మా పనిలో సైట్ వాక్ అని ఉంటుంది. ఒక చోటుతో సంబంధం ఉన్నవాళ్లందరినీ అక్కడే నడిపించి, నడుస్తూ మాట్లాడించడం. గదిలో గంటలకొద్దీ తెగనిది నేల మీద తొందరగా తెగుతుందని మా అనుభవం. నేను రేంజర్ని అడిగి జీపు ఏర్పాటు చేసుకుని, ఒక ఉదయం దొడ్డమ్మని తీసుకెళ్లాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. చదును నుంచి పేటకి ఆడవాళ్ల కాళ్లు వేసిన సన్నని బాట ఉంది. చేతికర్ర ఆనుతూ, ప్రతి పది అడుగులకీ నన్ను తిడుతూ నడిచారు. "నువ్వు ప్లానేసే మనిషివి కదే, మెట్టయినా ఎయ్యలేదేటి ఇక్కడ" అన్నారు.

సుక్‌వారో బాయి ఇంటి అరుగు మీద కూర్చున్నాక ఆమె ఇద్దరికీ చెంబుతో నీళ్లిచ్చింది. దొడ్డమ్మ చెంబు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగారు. ఇంటి బయట ఎక్కడ తాగినా ఆవిడ అలవాటు అంతే. సుక్‌వారో బాయి అది చూసి నొచ్చుకుంటుందేమోనని నాకు భయం వేసింది. ఆమె మాత్రం అదే చెంబు అందుకుని, తనూ అలాగే ఎత్తి పోసుకుని తాగింది.

"నీళ్లు తియ్యగున్నాయే" అన్నారు దొడ్డమ్మ. "ఎక్కడివో అడుగు."

చెలమ దగ్గరికి తీసుకెళ్లింది. ఇసకలో గుంట, చుట్టూ అమర్చిన రాళ్లు, అడుగున కన్నీటి చుక్కంత తేటగా ఊరే నీరు. సుక్‌వారో బాయి సొరకాయ బుర్రతో ఒకసారి ముంచి బిందెలో పోసింది. గుంట ఖాళీ అయింది. నీరు ఊరే దాకా గొంతుక్కూర్చుని ఆగింది. మళ్లీ ముంచింది. మళ్లీ ఆగింది. దొడ్డమ్మ ఒక రాయి మీద కూర్చుని ఆ బిందె సగం అయ్యే దాకా చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"మనం ఒదిలిన మెతుకులు ఇక్కడికొస్తాయేటి?"

నేను హిందీలో అడిగాను. సుక్‌వారో బాయి చేతిలో ఉన్న సొరకాయ బుర్రతో చెలమ పక్కన ఇసక చూపించింది.

తిరుగు దారిలో రతన్‌పూర్ దగ్గర టీ తాగుదామంటే దొడ్డమ్మ వద్దన్నారు. బస్టాండు దాటాక అన్నారు: "అన్నం తొక్కకూడదు, నీట్లో ఒదిలీయాలి అని మా అత్త నేర్పింది. నీట్లో ఒదిలితే అదెక్కడికెల్తాదో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. కోడళ్లకీ అలాగే నేర్పీసాను." కళ్లు ఒత్తుకున్నారు.  నేను ఆవిడ చేయి పట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాతి మీటింగు మామూలుగా లేదు. మిగిలిన అన్నం ఇంటికి తెచ్చేసుకుందాం, గిన్నెలు అక్కడ తోమకుండా అలాగే బస్సెక్కిద్దాం అని దొడ్డమ్మే ప్రతిపాదించారు. వినడానికి చిన్న సంగతే. కానీ మా పాత కుటుంబాల్లో అన్నం వండిన గిన్నె అంటు. దాన్ని ముట్టుకున్న చేయి కడుక్కోకుండా ఇంకో వస్తువు ముట్టుకోరు. బస్సులో ముందు సీట్లో పూజ చేసిన దేవుడి పటం ఉంటుంది, పక్కన ఉపవాసం ఉన్న పెద్దవాళ్లుంటారు. ఆ బస్సులోకి తోమని అండాలా?

"ఎలాగవుతాదమ్మా సత్యవతమ్మా" అన్నారు పైడిరాజు మావయ్య. ఈసారి మీసం లేవలేదు, నిజంగానే బాధపడుతున్నారు. "దేముడితోటి అంట్లు ఎక్కించీడమేటి? తరతరాల నుంచీ లేనిది."

"అంట్లు బస్సెక్కితే అంటు అంటన్నారు" అన్నారు దొడ్డమ్మ. "ఒక ఆడమనిషి బిందెలోకి మన అంట్ల నీళ్లు ఎల్తన్నాయి. దాన్నేటంటారు బాబూ?"

 మావయ్య కిటికీ వైపు చూసి, "అచ్ఛా, గిన్నెలు ఎనక సీట్లో పెడదాం, పక్కన నేను కూచుంటాను" అన్నారు. ఆయన మాట అంటే మాటే.

అయితే మేం మారితే సరిపోదు, పేట నమ్మాలి. సభ రోజున రేంజర్, నేను, దొడ్డమ్మ, మావయ్య వెళ్లాం. ఇలాంటి చోట మేం ముందుగా రిసోర్స్ మ్యాపు వేయిస్తాం. అంటే ఊరివాళ్లే నేల మీద రాళ్లు, ఆకులు, ముగ్గు పెట్టి తమ అడవి, నీళ్లు, దారులు గీసి చూపిస్తారు. మా కంప్యూటర్ మ్యాపులో లేనివి అందులో దొరుకుతాయి. పేట ఆడవాళ్లు ముగ్గుతో వాగు గీశారు, చెలమ దగ్గర నీళ్ల చెంబు పెట్టారు, పుట్టగొడుగులు దొరికే చోట ఎండుటాకులు పెట్టారు.

దొడ్డమ్మ తన రైల్వే హిందీలో మాట్లాడారు. ఆ హిందీలో ఆడా మగా తేడా ఉండదు, క్రియలన్నీ ఎటు బడితే అటు పోతాయి. అయినా అందరికీ అర్థమైంది. ఇకమీదట వాగులో ఒక్క మెతుకు వేయం, గిన్నె ముంచం, చేతులు కూడా దూరంగా కడుక్కుంటాం అన్నారు.

ఒక ముసలాయన చేయి ఎత్తాడు. "ఈ ఏడాది మానేస్తారు. పై ఏడాది మరిచిపోతారు. అప్పుడు చెలమ మీదికొచ్చే పందుల్ని ఎవరు తోలతారు?"

అన్యాయమైన ప్రశ్న కాదు. మావయ్య నా వైపు చూశారు. నేను రేంజర్ వైపు చూశాను. దొడ్డమ్మే జవాబిచ్చారు.

"మీరే చూడండి. ఆ రోజు మీరంతా పైకి రండి. మొదటి బంతి మీది. మీరు తిన్నాకే మేం తింటాం. ఆఖరి గిన్నె బస్సెక్కాక మీరు వాగు చూసి సరే అంటేనే బస్సు కదుల్తుంది."

విందులో మొదటి వరసలో కూర్చోబెట్టడం మా ఇళ్లలో వియ్యంకులకి చేసే మర్యాద. అది పేటవాళ్లకి తెలియదు, నేను చెప్పాను. గుసగుసలు మొదలయ్యాయి. ఎవరూ అవుననలేదు, కాదనలేదు. ఆ గుసగుసలు ఎటు తేలతాయో తెలియక నా పని నేను చేసుకుంటున్నట్టు మ్యాపు దగ్గర కూర్చున్నాను. సుక్‌వారో బాయి అప్పుడే చదును ఉండాల్సిన చోట ఒక రాయి పెట్టి, దాని మీద ఉసిరి కొమ్మ నిలబెట్టింది. మ్యాపులో ప్రతి చోటుకీ స్థానికంగా ఏమంటారో రాసుకోవడం మా అలవాటు.

"దీన్నేమంటారు?" అని అడిగాను.

"ఆంధ్రా డేరా" అంది.

నాకు అర్థం కాక మళ్లీ అడిగాను. డేరా అంటే వాళ్ల మాటలో మనుషులు విడిది చేసే చోటు.

"ఇప్పుడు పెట్టిన పేరా?"

"మా అత్త కాపురానికి వచ్చేసరికే అదే పేరు. మేక తప్పిపోతే ఆంధ్రా డేరా దగ్గర చూడమంటాం. కొండ అవతల ఊరివాళ్లూ అదే అంటారు. ఉసిరికాయ ముదిరితే డేరావాళ్లు వచ్చే రోజులయ్యాయంటాం."

తెలుగులో దొడ్డమ్మకీ మావయ్యకీ చెప్పాను.  మేం వాళ్లని ఒక్కసారీ చూడలేదు. వాళ్లు మమ్మల్ని ప్రతి ఏడూ చూశారు, మా పేరు పెట్టి ఆ చోటుని పిలిచారు, మా మెతుకుల వల్ల పూడిన చెలమని మళ్లీ మళ్లీ తవ్వుకున్నారు.

రేంజర్ గొంతు సవరించుకుని, "మరి గొలుసు వేయమంటారా?" అని సభని అడిగారు.

సుక్‌వారో బాయి ముసలాయన వైపు చూసింది, ఆయన తల ఊపాడు. "నీళ్లు బాగుంటే మాకు చాలు" అంది. "డేరావాళ్లు రాని డేరా ఏం చేసుకుంటాం?"

షరతులు మాత్రం గట్టిగానే పెట్టారు. బస్సులు రెండే, పొయ్యి వాగుకి దూరంగా మెరక మీద, వంటకి నీళ్లు బిలాస్‌పూర్ నుంచే. క్యారీయింగ్ కెపాసిటీ అని మేం పెద్ద మాట వాడతాం, ఒక చోటు ఒక రోజులో ఎంత జనాన్ని ఓర్చుకోగలదో లెక్కగట్టడం. ఆ లెక్క నేను వేసి చూస్తే వాళ్లు చెప్పిందే వచ్చింది. ప్లాన్‌లో అలాగే రాశాను.

ఆ కార్తీకంలో మొదటి బంతిలో పేట కూర్చుంది. మావయ్య స్వయంగా నెయ్యి వడ్డించారు. సుక్‌వారో బాయి దప్పళం రుచి చూసి, ఆవపిండి కాస్త తగ్గిస్తే బాగుంటుందంది. కాలనీలో ఇన్నేళ్లుగా ఎవరూ అనలేని మాట అది. దొడ్డమ్మ నవ్వి ఇంకో గరిటె వేశారు. సాయంత్రం పేట ఆడవాళ్లు వాగంతా చూసి చేయి ఊపాక బస్సు కదిలింది. వెనక సీట్లో అండాల పక్కన మావయ్య ముక్కుకి తువ్వాలు కట్టుకుని బిలాస్‌పూర్ దాకా కూర్చున్నారు. మర్నాడు పొద్దున్న కాలనీలో ప్రతి ఇంట్లోనూ చద్దన్నమే. ఆ తర్వాత పేటకి ఫోన్ చేసి నీళ్లెలా ఉన్నాయని అడిగాను. తియ్యగా ఉన్నాయన్నారు.

ప్లాన్ మంజూరై బోర్డులు పెట్టేసరికి మరుసటి కార్తీకం వచ్చింది. బస్సు దిగి అందరూ చెట్టు వైపు వెళ్లిపోయారు, దొడ్డమ్మ మాత్రం బోర్డు దగ్గర ఆగారు. హిందీ అక్షరాలు ఆవిడకి పట్టుబడవు, ఏం రాశారని నన్నడిగారు. 'ఆంధ్రా డేరా' అని చదివాను. ఆవిడ చేత్తో బోర్డు తడిమారు.

"మా ఆయన పేరు మేమున్న ప్రతి క్వార్టర్ తలుపు మీదా రాసీవోరే. ఖాళీ చేసిన్నాడే సున్నం కొట్టీసీవోరు. ఇది మనం రాయమన్లేదు కదా."

"లేదు దొడ్డమ్మా. వాళ్లే చెప్పారు."

ఈ ఉద్యోగంలో ఇంకా చాలా చోట్లకి ప్లాన్లు గీశాను. ఇప్పుడు సైటు హద్దు గీసే ముందు ఇక్కడి నీళ్లు ఎవరింటికి పోతాయని అడుగుతాను, ఆ ఇంటికి వెళ్లి కూర్చుంటాను. ఆ పని నేర్పినందుకు సుక్‌వారో బాయికి, దొడ్డమ్మకి నా చేతులెత్తి దండం. ఒక చోటు మనదని మనం అనుకోవడం వేరు, అక్కడివాళ్లు అనడం వేరు. మొదటిది ఎవరైనా అనుకోవచ్చు. రెండోది మాకు ఇన్నేళ్లుగా ఇస్తూనే ఉన్నారు, మేం తీసుకోవడానికి బండ మలుపు దాటలేదంతే.